దారి తెరిచి ఉన్న కాలం: తజికిస్తాన్ కొండల్లో ప్రయాణం, కుటుంబం, బతుకుతెరువు

మధ్య ఆసియాలోని అయిదు గణతంత్ర దేశాలలో వైశాల్యం దృష్ట్యా అతి చిన్నదైన తజికిస్తాన్‌లో నూటికి తొంభై మూడు వంతుల నేల పర్వతమయం. అందులో సగానికి పైబడిన భాగం సముద్రమట్టానికి 3,000 మీటర్ల కన్నా ఎత్తున ఉంది. ఇటువంటి నేల మీద నివసించే సుమారు కోటి మంది ప్రజలకు ప్రయాణమంటే విహారం కాదు. పిండిబస్తా ఏ ధరకు దొరుకుతుంది, నెలలు నిండిన స్త్రీ ఆసుపత్రికి చేరగలదా లేదా, చలికాలంలో మరణవార్త అందితే అన్నదమ్ములు అంత్యక్రియలకు రాగలరా అన్న ప్రశ్నలన్నింటికీ సమాధానం కొండదారి ఆ నెలలో తెరిచి ఉన్నదా మూసుకుపోయిందా అన్న ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. తజిక్ సమాజాన్ని మతం ద్వారానో, సోవియట్ వారసత్వం ద్వారానో వివరించిన గ్రంథాలు చాలా ఉన్నాయి. ఆ రెండూ ముఖ్యమైనవే అయినా, ఆ సమాజపు కష్టసుఖాలను దగ్గరగా చూడదలచినవారు ముందుగా పరిశీలించవలసింది దాని దారులను.

తజిక్కులు పారసీక భాషా కుటుంబానికి చెందినవారు. వారు మాట్లాడే తజిక్ భాష ఇరాన్‌లోని ఫార్సీకి, ఆఫ్ఘనిస్తాన్‌లోని దరీకి అతి సన్నిహితమైనది. అయితే 1940 నుంచి దానిని సిరిలిక్ లిపిలో, అంటే రష్యన్ భాషకు వాడే అక్షరాలలో రాస్తున్నారు. సోవియట్ ప్రభుత్వం 1924లో మధ్య ఆసియాను జాతుల ప్రాతిపదికన విభజించినప్పుడు తజికిస్తాన్ తొలుత ఉజ్బెకిస్తాన్‌లో అంతర్భాగమైన స్వయంపాలిత ప్రాంతంగా ఏర్పడి, 1929లో ప్రత్యేక గణతంత్రమైంది. శతాబ్దాలుగా తజిక్ భాషకూ సాహిత్యానికీ నిలయాలైన సమర్‌కంద్, బుఖారా నగరాలు మాత్రం సరిహద్దుకు అవతల ఉజ్బెకిస్తాన్‌లోనే ఉండిపోయాయి. కొత్త గణతంత్రానికి దక్కినవి ప్రధానంగా పర్వతాలు, వాటి మధ్య ఒకదానికొకటి దూరంగా పడి ఉన్న లోయలు, ఉత్తరాన సిర్ దర్యా నది ఒడ్డున ఉన్న ప్రాచీన నగరం ఖుజంద్.

సరిహద్దులు కాగితం మీద మాత్రమే ఉన్న సోవియట్ కాలంలో ఈ విభజన వల్ల ప్రయాణికుడికి కలిగిన ఇబ్బంది తక్కువ. రాజధాని దుషాన్‌బే నుంచి ఖుజంద్‌కు వెళ్లే రైలు ఉజ్బెకిస్తాన్ మైదానాల మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేది; రెండూ ఒకే రాజ్యంలోని ప్రాంతాలు కనుక ప్రయాణికులను ఆపి అడిగేవారు లేరు. 1991 సెప్టెంబరు 9న తజికిస్తాన్ స్వతంత్ర దేశం కాగానే ఆ రైలుమార్గం పరాయి దేశం గుండా పోయే దారి అయింది. ఆ తరువాత పదేళ్లలో ఇరుగుపొరుగు దేశాల సంబంధాలు చెడి, ఉజ్బెకిస్తాన్ సరిహద్దు పొడవునా కొన్ని చోట్ల మందుపాతరలు పాతిపెట్టగా, వాటికి బలైనవారిలో పశువుల కాపరులు, కట్టెలు ఏరుకునేవారు ఎందరో ఉన్నారు. 2001 నుంచి వీసా తప్పనిసరి అయింది. కేవలం 300 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న సొంత దేశపు రెండో నగరానికి చలికాలంలో వెళ్లాలంటే విమానం టికెట్టు కొనగలిగిన స్తోమత ఉండవలసి వచ్చేది, లేకుంటే పరాయి దేశపు వీసా సంపాదించవలసి వచ్చేది. ఆ రెండూ సాధ్యం కాని సామాన్యుడు మంచు కరిగేవరకు ఆగవలసి వచ్చేది.

ఆ నిరీక్షణకు కారణం దుషాన్‌బేకు ఉత్తరాన దేశాన్ని అడ్డంగా చీల్చే పర్వతశ్రేణులు. వాటిని దాటడానికి ఉన్న అన్‌జోబ్ కనుమ 3,372 మీటర్ల ఎత్తున ఉండి, ఏటా దాదాపు ఆరు నెలలపాటు మంచు కింద మూసుకుపోయేది. దానికి ఉత్తరాన షహ్రిస్తాన్ కనుమ మరొక అడ్డంకి. ఇరాన్ సహాయంతో తవ్విన అయిదు కిలోమీటర్ల అన్‌జోబ్ సొరంగం 2006లో ప్రారంభోత్సవం జరుపుకున్నది కానీ, పనులు పూర్తి కాకుండానే వాహనాలు దానిలోకి ప్రవేశించాయి. లోపల కొండ నుంచి ఊరే నీరు చక్రాలు మునిగేలా నిలిచి ఉండేది, ఆ నీటి కింద ఎంత లోతు గుంత ఉన్నదో డ్రైవరుకు తెలిసేది కాదు, దీపాలు లేవు, గాలి ఆడే యంత్రాలు లేవు. ముందు వెళ్తున్న లారీ చెడిపోయి నిలిచిపోతే వెనుక ఉన్న కార్లలోని ప్రయాణికులు ఇంజన్ల పొగకు ఉక్కిరిబిక్కిరి కావలసిందే. మృత్యుసొరంగమన్న పేరు దానికి ఊరికే రాలేదు. అయినా జనం ఆ దారినే ఎంచుకున్నారంటే, దారి లేని చలికాలం వారికి ఎంత దుర్భరమో గ్రహించవచ్చు. తరువాతి దశాబ్దంలో ఆ సొరంగాన్ని బాగుచేశారు. 2012లో చైనా సంస్థల నిర్మాణంలో షహ్రిస్తాన్ సొరంగం కూడా పూర్తయింది. దేశానికి ఉత్తరమూ దక్షిణమూ ఏడాది పొడవునా కలిసి ఉండడం అన్నది, ఆ విధంగా, స్వాతంత్ర్యం వచ్చిన రెండు దశాబ్దాల తరువాత గానీ సాధ్యపడలేదు. చైనా అప్పులతో వేసిన రహదారి మీద టోలు రుసుం చెల్లించవలసి రావడం పేదలకు భారమే అయినప్పటికీ, ఈ సొరంగాలు దేశ సమైక్యతకు చేసిన మేలు ఏ రాజకీయ నినాదమూ చేయలేకపోయింది.

ఈ మాటలో అతిశయోక్తి లేదని చెప్పడానికి 1992లో మొదలైన అంతర్యుద్ధమే సాక్ష్యం. ఆ యుద్ధంలో సిద్ధాంతాల పాత్ర ఉన్న మాట నిజమే. ఒకవైపు పాత కమ్యూనిస్టు నాయకత్వం, మరొకవైపు ఇస్లామిక్ పునరుజ్జీవన పక్షం, ప్రజాస్వామ్యవాదులు నిలబడ్డారు. అయితే ఎవరు ఏ పక్షాన చేరారన్నది చాలావరకు వారి లోయను బట్టి నిర్ణయమైంది. ఖుజంద్, కూలాబ్ ప్రాంతాలవారు ఒక జట్టుగా, గర్మ్, బదఖ్షాన్ ప్రాంతాలవారు మరొక జట్టుగా ఏర్పడ్డారు. సోవియట్ కాలంలో పత్తి సాగుకోసం కొండ గ్రామాలను ఖాళీ చేయించి వఖ్ష్ లోయకు తరలించిన కుటుంబాలు అక్కడ కూడా పాత ఊరి పేరుతోనే వేరుగా నివసించాయి, యుద్ధం వచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువగా నష్టపోయినవి ఆ పల్లెలే. వేలు కాదు, పదుల వేలమంది ప్రాణాలు పోయిన తరువాత 1997 జూన్ 27న మాస్కోలో శాంతి ఒప్పందం కుదిరింది. ఆనాటి తరానికి ప్రాంతమన్నది ఇప్పటికీ పచ్చిపుండే. కొత్తగా పరిచయమైన వ్యక్తి ఏ ఊరివాడో తెలుసుకున్న తరువాతనే మాట తీరు నిర్ణయించుకోవడం పెద్దవారిలో నేటికీ కనిపిస్తుంది.

దేశ విస్తీర్ణంలో దాదాపు 45 శాతం ఆక్రమించి, జనాభాలో మాత్రం రెండు మూడు శాతానికి మించని గోర్నో బదఖ్షాన్ స్వయంపాలిత ప్రాంతం తూర్పున ఉంది. పామీర్ పర్వతాలుగా లోకప్రసిద్ధమైన భూమి ఇదే. దాని కేంద్రం ఖోరోగ్‌కు దుషాన్‌బే నుంచి సుమారు 600 కిలోమీటర్ల దూరం. చిన్న విమానాలు ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున మాత్రమే ఎగరగలవు కనుక అత్యధికులు రోడ్డు మీదనే ఆధారపడతారు. ఈ మార్గంలో వేళ ప్రకారం నడిచే బస్సు కంటే, సీట్లు నిండినప్పుడు బయలుదేరే ఉమ్మడి జీపులదే రాజ్యం. తెల్లవారుజామునే స్టాండుకు చేరిన ప్రయాణికుడు డ్రైవరుతో ధర మాట్లాడుకుని, మిగిలిన సీట్లు నిండేవరకు గంటలకొద్దీ నిరీక్షిస్తాడు. ఈలోగా ఊరివారు మందులు, బట్టలు, ఉత్తరాలు, డబ్బు కవర్లు తెచ్చి అదే డ్రైవరు చేతిలో పెడతారు. రసీదు ఉండదు, ఖోరోగ్‌లో అందుకోవలసినవారి పేరు చెప్పడమే చాలు. ప్రయాణం పద్నాలుగు గంటలు మొదలుకొని ఒక పగలూ రాత్రీ దాకా పట్టవచ్చు. వేసవిలో తవిల్‌దరా మీదుగా 3,000 మీటర్లకు పైబడిన కనుమ దాటే దగ్గరిదారి ఉన్నప్పటికీ, చలికాలంలో అది మూసుకుపోవడం వల్ల కూలాబ్ మీదుగా చుట్టుదారి పట్టవలసి ఉంటుంది.

దర్వాజ్ ప్రాంతం దగ్గర ఆ రోడ్డు పంజ్ నది ఒడ్డుకు చేరి, అక్కడినుంచి ఖోరోగ్ వరకు నదినే అనుసరిస్తుంది. నదికి ఆవలి ఒడ్డు ఆఫ్ఘనిస్తాన్. కొన్నిచోట్ల రాయి విసిరితే అవతల పడేటంత ఇరుకైన ఈ నది 1895లో రష్యా, బ్రిటన్ సామ్రాజ్యాలు కుదుర్చుకున్న ఒప్పందం వల్ల సరిహద్దు అయింది. అంతకుముందు రెండు ఒడ్డుల మీదా ఒకే భాష మాట్లాడి, ఒకే మతాన్ని ఆచరించి, వియ్యమందుకున్న బదఖ్షానీలు ఆ గీతతో రెండు దేశాలవారైపోయారు. సోవియట్ పాలనలో ఎదురెదురు గ్రామాలవారు చేయి ఊపుకోవడం తప్ప కలుసుకోలేని స్థితి దశాబ్దాలపాటు కొనసాగింది. 2002లో ఖోరోగ్ వద్ద తేమ్ వంతెన, ఆ తరువాత మరికొన్ని వంతెనలు ఆగాఖాన్ సంస్థల చొరవతో నిర్మాణమైన పిమ్మట వాటి పక్కన వారానికోసారి సరిహద్దు సంతలు జరిగాయి. ఆఫ్ఘనిస్తాన్‌లో పరిస్థితులు దిగజారినప్పుడల్లా అవి మూతపడ్డాయి.

పామీరీలలో అధికులు షియా శాఖకు చెందిన ఇస్మాయిలీ ముస్లింలు, ఆగాఖాన్‌ను తమ ఇమాముగా, అంటే ఆధ్యాత్మిక నాయకుడిగా భావించేవారు. అంతర్యుద్ధ కాలంలో రాజధాని నుంచి దారులు తెగిపోయి, సోవియట్ సబ్సిడీ మీద వచ్చే పిండి, బొగ్గు ఆగిపోయి బదఖ్షాన్ ఆకలి అంచుకు చేరినప్పుడు, 1993 నుంచి కిర్గిజ్‌స్తాన్ వైపునుంచి పామీర్ రహదారి మీదుగా ఆహారం చేరవేసింది ఆగాఖాన్ ఫౌండేషనే. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ ద్వారా తెలుగువారికి పరిచయమైన సంస్థా కుటుంబం ఇదే. ఖోరోగ్ ప్రాంతానికి చలికాలంలో సైతం విద్యుత్తు అందించే ఏర్పాటు, అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణం కూడా ఆ కుటుంబం చేపట్టిన పనులే. ఇటీవలి సంవత్సరాలలో మాత్రం కేంద్ర ప్రభుత్వానికీ ఈ ప్రాంతానికీ మధ్య అపనమ్మకం తీవ్రమైంది. 2021 నవంబరులో ఖోరోగ్‌లో నిరసనలు చెలరేగిన తరువాత నెలల తరబడి ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. 2022 మేలో జరిగిన భద్రతా చర్యలలో ప్రాణనష్టం సంభవించింది. రోడ్డు బాగుపడినంత మాత్రాన ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య దూరం తగ్గదని చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ ఆ దేశంలో లేదు.

ఖోరోగ్ దాటి తూర్పుకు సాగే పామీర్ రహదారి ముర్ఘాబ్ అనే పట్టణాన్ని 3,600 మీటర్ల ఎత్తున తాకి, ఆక్‌బైతల్ కనుమ దగ్గర 4,655 మీటర్లకు ఎక్కుతుంది. ఆ ఎత్తున చెట్టు మొలవదు. అక్కడ నివసించే కిర్గిజ్ జాతివారికి జడలబర్రె పాలు, మాంసం జీవనాధారాలు. సోవియట్ బొగ్గు రావడం ఆగిన తరువాత వంటచెరకు కోసం వారు తెరెస్కెన్ అనే గట్టి పొదను వేళ్లతో సహా పెకలించవలసి వచ్చింది. త్వరగా పెరగని ఆ పొద పోయిన చోట మేత తగ్గి, గాలికి మట్టి కొట్టుకుపోతున్నది. సుదూరం నుంచి వచ్చే బొగ్గు ఆగిపోతే ఆ నష్టం ఎడారి లాంటి పీఠభూమిలోని ఒక పొద మీద పడడం కొండదేశాల ఆర్థికవ్యవస్థకే ప్రత్యేకమైన విషయం.

పశ్చిమ పామీర్ లోయలలోని ఇల్లు కూడా ఈ నేల స్వభావాన్ని అనుసరించే రూపొందింది. చీద్ అని పిలిచే ఆ సంప్రదాయ గృహంలో ఒకే పెద్ద గది. మధ్యన పల్లపు నేల, దాని చుట్టూ కూర్చోవడానికీ పడుకోవడానికీ ఎత్తయిన అరుగులు. కప్పును అయిదు చెక్క స్తంభాలు మోస్తాయి. వాటికి ముహమ్మద్, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్ అని పేర్లు. పెళ్లికూతురిని ఫాతిమా స్తంభం దగ్గర కూర్చోబెట్టి అలంకరిస్తారు. గోడలకు పాతకాలంలో కిటికీలు ఉండేవి కావు. కప్పు నడుమ నాలుగు చదరపు చెక్క చట్రాలను ఒకదానిపై ఒకటి, పైకి పోయేకొద్దీ చిన్నవయ్యేలా అమర్చిన చోర్‌ఖోనా అనే గవాక్షం ద్వారానే వెలుతురు దిగుతుంది. ఆ నాలుగు చట్రాలు భూమి, నీరు, గాలి, అగ్ని అనే నాలుగు భూతాలకు సంకేతాలని చెబుతారు. ఇస్లాం పూర్వపు విశ్వాసాన్నీ, ఇస్మాయిలీ భక్తినీ ఒకే కప్పు కింద నిలిపిన ఈ ఇంటిలో భూకంపాలు తరచుగా వచ్చే దేశానికి తగిన వాస్తు కూడా ఉంది. 1911 భూకంపంలో కొండ విరిగిపడి ముర్ఘాబ్ నదికి అడ్డంగా నిలిచిన 567 మీటర్ల ఎత్తయిన సహజ ఆనకట్ట వెనుక సరేజ్ సరస్సు ఏర్పడింది. ఆ ఆనకట్ట ఎప్పటికైనా తెగుతుందేమోనన్న భయం దిగువనున్న బర్తాంగ్ లోయవాసుల మనసులో ఒక శతాబ్దంగా ఉంది, అందుకే అక్కడి గ్రామాలలో ముందస్తు హెచ్చరిక సాధనాలను నెలకొల్పారు.

తజిక్ ఇళ్లలో నాన్, అంటే తందూరులో కాల్చిన గుండ్రని రొట్టె, పవిత్రమైన వస్తువు. దానిని బోర్లా పెట్టరు, నేల మీద పడిన ముక్కను తీసి కళ్లకద్దుకోవడం చాలామందిలో ఉంది. దక్షిణ తజికిస్తాన్ వారికి ప్రీతిపాత్రమైన కురుతోబ్ ఈ రొట్టె సంస్కృతికీ పశుపాలనకూ పుట్టిన వంటకం. పెరుగును వడగట్టి, ఉప్పు కలిపి ఉండలుగా చుట్టి ఎండబెట్టిన కురుత్ నెలల తరబడి చెడదు. వేసవిలో మందలతో ఎగువ మేతభూములకు వెళ్లే కాపరులు సంచిలో వేసుకుపోయేది అదే. ఆ ఉండలను గోరువెచ్చని నీటిలో పుల్లని చారులా కరిగించి, పొరలుపొరలుగా ఉండే ఫతీర్ రొట్టెను తుంచి అందులో వేసి, కాచిన నూనెలో వేగిన ఉల్లిపాయలు, పైన పచ్చి కూరగాయల ముక్కలు, ఆకులు చల్లి, పెద్ద చెక్క పళ్లెంలో నడుమ పెడితే, కూర్చున్నవారందరూ ఆ ఒక్క పళ్లెం నుంచే చేతులతో తింటారు. మాంసం లేని భోజనమే అయినా అతిథి ముందు దీనిని పెట్టడానికి ఎవరూ చిన్నతనపడరు.

ఇంటినుంచి దూరప్రయాణం పోయే యువకుడు రొట్టెను ఒక అంచున కొరికి తల్లి చేతికి ఇస్తాడు. అతడు తిరిగివచ్చి మిగిలినది తినేవరకు ఆమె దానిని భద్రపరుస్తుంది. ఒకప్పుడు సైన్యానికి వెళ్లేవారికోసం ఎక్కువగా పాటించిన ఈ ఆచారం నేడు రష్యాకు కూలికి పోయే కొడుకుల కోసం పాటించవలసి వస్తున్నది. దేశంలో తగినంత పని లేక ఏటా లక్షలాది మంది యువకులు మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్, సైబీరియా నగరాలకు వెళ్లి భవన నిర్మాణంలో, సంతలలో, వీధులు ఊడ్చే పనులలో శ్రమిస్తున్నారు. వారు పంపే సొమ్ము కొన్ని సంవత్సరాలలో దేశ స్థూల ఉత్పత్తిలో మూడో వంతును దాటింది; ఇంతగా వలస కూలీల చెమట మీద ఆధారపడిన దేశాలు ప్రపంచంలో చాలా కొద్ది. తెలుగు జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వలసపోయిన కుటుంబాల స్థితిగతులు ఎరిగినవారికి ఈ జీవితంలోని ఆశ, దిగులు, అప్పులు వేరుగా వివరించనక్కరలేదు.

వలసపోయినవాడి వెనుక ఇంటి భారమంతా కెలిన్ మీద, అంటే ఆ ఇంటి కోడలి మీద పడుతుంది. తజిక్ కుటుంబాలలో చిన్న కొడుకు తల్లిదండ్రుల దగ్గర ఉండిపోయి వారిని పోషించడం మర్యాద. అతడే రష్యాలో ఉన్నప్పుడు అత్తమామల సేవ, పొలం, పశువులు, నీరు మోయడం, పిల్లల చదువు అన్నీ ఆమెవే. మతపరంగా నికాహ్ మాత్రమే జరిగి, ప్రభుత్వ కార్యాలయంలో నమోదు కాని పెళ్లిళ్లలో ఆమెకు ఆస్తిహక్కు అడగడానికి ఆధారం ఉండదు. భర్త రష్యాలో మరొక కుటుంబం ఏర్పరచుకుని ఫోను సందేశంతో తలాఖ్ చెప్పిన సందర్భాలు ఒక దశలో దేశవ్యాప్త చర్చకు దారితీశాయి. 2007లో ప్రభుత్వం చేసిన చట్టం పెళ్లి విందుకు అతిథులు 150 మందికి మించరాదని నియమించింది. వలస సంపాదనంతా విందులకు కరిగిపోవడాన్ని ఆపడం దాని ఉద్దేశం. ఇంటింటి వ్యవహారంలో రాజ్యం ఇంతగా జోక్యం చేసుకోవడం అభ్యంతరకరమే అయినా, అప్పు చేసి విందు పెట్టే ఒత్తిడి నుంచి చాలా పేద కుటుంబాలు దాని వల్ల ఊపిరి పీల్చుకున్నాయనడం కూడా న్యాయమే. 2024 మార్చిలో మాస్కో శివారులోని సంగీతసభామందిరం మీద జరిగిన ఉగ్రవాద దాడిలో పట్టుబడిన ప్రధాన నిందితులు తజిక్కులు కావడంతో, ఆ నేరంతో ఏ సంబంధమూ లేని ఎందరో కూలీలు రష్యాలో సోదాలకు, వెనక్కి పంపివేతలకు గురయ్యారు.

ఇళ్లలో మరొక నిత్య చింత విద్యుత్తు. వఖ్ష్ నది మీద 300 మీటర్ల ఎత్తున సోవియట్ ప్రభుత్వం నిర్మించిన నూరెక్ ఆనకట్ట ప్రపంచంలోని అత్యున్నత ఆనకట్టలలో ఒకటి. అయినా మంచు కరిగే వేసవిలో నీరు సమృద్ధిగా ఉండి, ఇళ్లకు వెచ్చదనం కావలసిన చలికాలంలో జలాశయం అడుగంటుతుంది. సోవియట్ కాలంలో వేసవి నీటికి బదులుగా పొరుగు గణతంత్రాల నుంచి చలికాలంలో గ్యాసు, బొగ్గు వచ్చేవి, ఆ ఏర్పాటు స్వాతంత్ర్యంతో చెడిపోయింది. 2007–08 నాటి ఘోరమైన చలిలో రాజధానితో సహా దేశమంతా చీకటిలో గడిపింది. గ్రామాలలో రోజుకు కొన్ని గంటలే కరెంటు ఇచ్చే పద్ధతి ఆ తరువాత కూడా చాలా చలికాలాల్లో కొనసాగింది. దీనికి పరిష్కారంగా ప్రభుత్వం తలపెట్టిన 335 మీటర్ల రోగున్ ఆనకట్ట కోసం 2010లో ప్రజలచేత వాటాలు కొనిపించారు. ఉపాధ్యాయులు, వైద్యులు సైతం జీతాలలోంచి చెల్లించవలసి వచ్చింది. దాని తొలి యూనిట్ 2018లో విద్యుదుత్పత్తి ప్రారంభించింది.

ప్రభుత్వం చేరలేనిచోట గ్రామీణులను నిలబెట్టేది హషర్, అంటే ఊరివారంతా కూలి లేకుండా కలిసి చేసే పని. వసంతంలో బురదప్రవాహం కాలువను పూడ్చినా, బండలు దొర్లి రోడ్డు మూసుకుపోయినా ఇంటికొకరు పార పట్టుకుని వస్తారు. ఆ రోజు పని ముగిసిన తరువాత భోజనం ఉమ్మడి.

దారులు తెరవడంలో ఇటీవలి కాలపు మంచి వార్తలు సరిహద్దుల నుంచే వచ్చాయి. ఉజ్బెకిస్తాన్‌లో నాయకత్వం మారిన తరువాత 2017లో దుషాన్‌బే, తాష్కెంట్ నగరాల మధ్య పాతికేళ్లకు విమానాలు తిరిగి ఎగిరాయి, 2018లో వీసా నిబంధన రద్దయింది. తజిక్ సరిహద్దు పట్టణం పెన్జికెంట్ నుంచి గంటలో చేరగలిగిన సమర్‌కంద్‌లోని బంధువులను ఏళ్ల తరువాత చూసుకున్న వృద్ధులు ఎందరో. కిర్గిజ్‌స్తాన్‌తో వివాదం ఇంతకన్నా రక్తసిక్తమైనది. కిర్గిజ్ భూభాగంతో చుట్టబడిన వోరుఖ్ అనే తజిక్ గ్రామానికి వెళ్లే రోడ్డు, దాని పక్కనున్న నీటి పంపిణీ కేంద్రం చుట్టూ 2021 ఏప్రిల్‌లోను, 2022 సెప్టెంబరులోను జరిగిన ఘర్షణలు సైనిక సంఘర్షణలుగా మారి పల్లెలకు పల్లెలే తగలబడ్డాయి. 2025 మార్చి 13న బిష్కెక్‌లో రెండు దేశాల అధ్యక్షులు సరిహద్దు ఒప్పందంపై సంతకం చేసి, వోరుఖ్‌కు తటస్థ ప్రతిపత్తి గల దారిని ఏర్పరచడానికి అంగీకరించారు. మూసి ఉన్న సరిహద్దు ద్వారాలు అదే రోజు తెరుచుకున్నాయి. ఇస్ఫరా, బాత్కెన్ ప్రాంతాలలో మట్టి కొండల నడుమ ఖూబానీ తోటలు పెంచే ఇరుపక్షాల రైతులకు, పండిన పంటను పొరుగు సంతకు అదే రోజున చేర్చుకునే అవకాశం దానితో తిరిగి దొరికింది.